గోడ కింద పైపు

జూన్ 24, 2003, మంగళవారం

ఉదయం తణుకు నుంచి కార్డు వచ్చింది. ఈయన అక్కగారు పుష్కరాలకి వస్తున్నారట, ఆవిడతో కలిపి తొమ్మిదిమంది. "పెద్దవాడింట్లోనే దిగుతాం, చిన్నవాడింట్లో ఒక పూట భోంచేస్తాం" అని రాశారు. ఆ వాక్యం రెండుసార్లు చదివి, కార్డుని హాల్లో క్యాలెండరు మేకుకి గుచ్చాను, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా.

మధ్యాహ్నం లెట్రిన్ పొంగింది.

చిట్టియ్యని పిలిపించాను. మా వీధిలో పైపులు బాగుచేసేది అతనే. వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టుకుంటూ లోపలికి తోశాడు. కొంతదూరం వెళ్ళి ఆగిపోయాయి. ఎంత పొడిచినా కదల్లేదు.

"ఎక్కడ ఆగింది చిట్టియ్యా?"

"గోడ దగ్గరండి."

"గోడకి ఇవతలా, అవతలా?"

"బద్దకి కళ్ళుంటాయా అండి?" అన్నాడు.

ఇల్లు పంచుకున్నప్పుడు పెద్దమనుషులు కొలవనిదంటూ లేదు. నూతిలో నీళ్ళు తోడుకోవటానికి కూడా వేళలు రాశారు. లెట్రిన్ మా వాటాలోకి వచ్చింది, అది వెళ్ళి కలిసే సెప్టిక్ ట్యాంకు మా మరిది ఫణీంద్ర వాటాలోకి వెళ్ళింది. భూమిలో ఏముందో ఎవరికీ తట్టలేదు. పైన అడ్డంగా గోడ కట్టేశారు.

గోడ కట్టినప్పటినుంచీ, అంటే రెండేళ్ళుగా, నా తోడికోడలు జానకికీ నాకూ మాటల్లేవు. మగవాళ్ళిద్దరూ మాత్రం రోజూ కొట్లో పక్కపక్కనే కూర్చుంటారు. ఇత్తడి సామాన్ల కొట్టు పంచలేదు కదా. మా అమ్మాయి చిన్ని కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు ఇక్కడ పడేసి పిన్ని ఇంటికి వెళుతుంది. నాకేం అభ్యంతరం లేదు. నేను అలాంటిదాన్ని కాను.

చిట్టియ్యకి నూట యాభై. పని కాలేదు కనుక వంద చాలనుకున్నాను. పొంగిందంతా కడిగి వెళ్ళాడు కనుక నూట యాభై ఇచ్చాను.

జూన్ 25

మగ్గులు లెక్కపెట్టుకుని పోస్తున్నాం. ఈయన కొట్లో బాత్‌రూమ్ వాడుకుంటానన్నారు, ఏదో త్యాగం చేస్తున్నట్టు.

జూన్ 28, శనివారం

తాపీ మేస్త్రి వీరబ్రహ్మం వచ్చాడు. పెరడంతా తిరిగాడు, గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు, కాఫీ తాగాడు.

"నన్నడిగితే ఒకటే పద్ధతండి అమ్మగారూ. అవతల నుంచి గోడ మొదట్లో నాలుగడుగులు తవ్వితే..."

"అది కాక ఏమున్నాయో చెప్పు."

"అది కాకా?" అని తల గోక్కున్నాడు. "అది కాక అన్నీ ఖర్చులేనండి."

ఖర్చు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పద్ధతులు చెప్పమన్నాను. చెప్పాడు. రాత్రి వంటయ్యాక కూర్చుని వివరంగా రాసుకున్నాను.

నెలకోసారి చిట్టియ్యని పిలిచి బద్దలు వేయించటం. చూడటానికి చవక. ఏడాదికి పద్దెనిమిది వందలు, పైగా అడ్డు అడ్డులాగే ఉంటుంది. జబ్బు తగ్గకుండా డాక్టరుకి డబ్బులివ్వటం లాంటిది. వద్దు.

సెప్టిక్ ట్యాంకుతో పని లేకుండా వీధి కాలవలోకి వదిలెయ్యటం. చాలామంది అదే చేస్తున్నారండి అన్నాడు. ఎనిమిది వందల్లో అయిపోతుంది. కానీ ఆ కాలవ చివరికి వెళ్ళేది గోదావరిలోకే. పుష్కరానికి వచ్చే వదినగారు మునిగేదీ అందులోనే. వద్దు.

మా పెరట్లోనే కొత్త ట్యాంకు కట్టించుకోవటం. పద్నాలుగు వేలు.

నాలుగోది ఏమీ లేదు.

జూన్ 30

పైపుల కొట్టుకి వెళ్ళాను. పాతవి పింగాణీ గొట్టాలు, ఇప్పుడు అందరూ పీవీసీ వేస్తున్నారట. కొట్టతను పల్లంరాజు రెండూ నేల మీద పెట్టి చూపించాడు. పింగాణీది ఎన్నేళ్ళయినా అరగదు గానీ మీద బరువు పడితే పగులుతుంది, అతుకుల్లో వేళ్ళు దూరతాయి. పీవీసీకి అతుకులు తక్కువ, లోపల నున్నగా ఉంటుంది.

"మీది ఎన్నడుగులు పాడైందండి?"

"తెలియదు."

"ఎంత పాడైందో తెలిస్తే అంతే కొనుక్కోవచ్చు కదండి. ఒక అడుగు పగిలితే అరవై అడుగులూ మార్చేస్తామేంటండి!"

అమ్మేవాడే తక్కువ కొనమంటున్నాడంటే ఆలోచించాల్సిందే.

జూలై 2, బుధవారం

ఎంత పాడైందో, ఎక్కడ పాడైందో చూడటానికి నాకొక ఉపాయం తోచింది. బట్టలకి పెట్టే నీలిమందు రెండు బకెట్లలో చిక్కగా కలిపి లెట్రిన్‌లో పోశాను. నీలం రంగు మావైపు నేలలో ఊరితే పగులు మావైపు ఉన్నట్టు. అప్పుడు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

గోడ పొడుగునా వంగి వంగి చూశాను. మావైపు నేల పొడిగా ఉంది.

కాసేపటికి గోడ అవతలనుంచి జానకి గొంతు వినిపించింది. మాట్లాడుతున్నది అరటిచెట్టుతో.

"ఏంటే, నీ కింద నీలం ఊటలు పుడుతున్నాయి! బట్టలకి పెట్టుకోగా మిగిలింది ఎవరైనా నీ మొదట్లో పారబోశారేంటి? కొంపదీసి నీలం పళ్ళు కాస్తావా?"

నేను కదలకుండా అలా వంగే ఉండిపోయాను. నడుం పట్టేసింది.

ఆ అరటిచెట్టు గురించి ఇక్కడ రాయాలి. చక్కరకేళి. గోడ కట్టిన నెలలోనే జానకి అవతల ఒక పిలక నాటింది, నేను ఇవతల ఒకటి నాటాను. ఆవిడది గోడ దాటి పెరిగింది. ఇప్పుడు వేసిన గెల మా వంటింటి కిటికీలోంచి కూడా కనిపిస్తుంది. మాది చేతికర్రంత ఉంది. నేను పేడ వేశాను, వేపపిండి వేశాను. జానకి ఏం వేస్తోందో చిన్నిని అడిగి కనుక్కోమన్నాను కూడా. "పిన్ని ఏమీ వెయ్యదమ్మా" అంది. దాస్తోందనుకున్నాను.

దాచలేదు. రెండేళ్ళుగా ఆ చెట్టుని పోషిస్తున్నది మేమే. న్యాయంగా చూస్తే గెలలో సగం మాది. ఈ మాట పైకి అనటానికి లేదు.

జూలై 3

ఆవిడ మాట్లాడింది చెట్టుతో. నాతో కాదు. కనుక జవాబు అక్కర్లేదు.

జూలై 7, సోమవారం

నరసాపురం నుంచి ఈయన మేనమామగారి పిల్లలు ఫోన్ చేశారు. పుష్కరాలకి ఆరుగురు. తొమ్మిదీ ఆరూ పదిహేను.

ఈయన భోజనం చేస్తూ అన్నారు, "లెట్రిన్ లేని ఇంట్లో ఎవరు దిగుతారు సత్యా? అందరినీ తమ్ముడింట్లోనే దిగమని రాసేస్తాను."

"అక్కగారు పెద్దవాడింట్లో దిగుతానన్నారు."

"అక్క రాసేనాటికి లెట్రిన్ పొంగలేదు."

"రాయకండి. కొత్త ట్యాంకు కట్టిద్దాం."

"పద్నాలుగు వేలా!"

ట్యాంకు ముప్ఫై ఏళ్ళు ఉంటుంది. ముప్ఫైతో భాగిస్తే ఏడాదికి అయిదు వందలు కూడా పడదు. అలా చూస్తే ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. కాగితం మీద చేసి చూపించాను.

ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు. "జానకిని అడగటానికి ఎంతవుతుందో కూడా వేశావా?"

"దానికి రేటు లేదు" అన్నాను.

ఆయన పెరుగన్నంలో నవ్వుకున్నారు. మజ్జిగమిరపకాయలు మళ్ళీ వడ్డించలేదు.

జూలై 10, గురువారం

ఆషాఢంలో కొత్త కట్టడాలు మొదలుపెట్టకూడదు గానీ గొయ్యికి పట్టింపు లేదన్నాడు వీరబ్రహ్మం. ఇద్దరు మనుషుల్ని పెట్టి పెరట్లో తవ్వించాను. మూడడుగులు బాగానే దిగారు. నాలుగో అడుగులో నీళ్ళు. మోటారు పెట్టి తోడించాను, అన్నం తిని వచ్చేసరికి మళ్ళీ నిండిపోయింది. వరదనీటికి గోదావరి ఎర్రబడి నాలుగురోజులైంది. వీధిలో అందరి నూతుల్లోనూ నీళ్ళు పైకొచ్చేశాయి. మా వీధి అసలే పల్లం.

"ఇందులో ట్యాంకు కడితే తేలుతుందండి. పడవ కింద వాడుకోవచ్చు" అన్నాడు వీరబ్రహ్మం. అతని చమత్కారానికి కూలీలు నవ్వారు. నేను నవ్వలేదు. గోడ అవతల కూడా ఎవరో నవ్వినట్టనిపించింది.

తవ్వినందుకు కూలి, పూడ్చినందుకు కూలి. లెక్కల పుస్తకంలో "పెరడు చదును" అని రాశాను.

పుష్కరాలు ముప్ఫయ్యో తారీకున.

జూలై 11, శుక్రవారం

ఉదయం బట్టలారేస్తూ గోడవైపు తిరిగి, కాస్త గట్టిగానే అన్నాను, "ఈ గోడ మొదట్లో తవ్వాలంటే ఎవరినడగాలో ఏమిటో!"

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరినైనా ఏదైనా అడగాలంటే మనుషులు గుమ్మంలోంచి వచ్చి అడుగుతారు. గోడలనడగరు."

ఇది అరటిచెట్టుతో అన్నది కాదు.

మధ్యాహ్నం దాకా వేరే పనులు చూసుకున్నాను. పోపులడబ్బా కడిగాను. బియ్యం డబ్బా కింద కాగితం మార్చాను. తర్వాత చీర మార్చుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగి ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. చీర మార్చుకోవటానికి వేరే కారణం ఉంది, కట్టుకున్నదానికి పసుపు మరక అయింది.

జానకి తలుపు తీసింది. ఆవిడా చీర మార్చుకున్నట్టే ఉంది.

"రండి అక్కా. కాఫీ కలుపుతాను."

"కాఫీకి రాలేదు."

"తెలుసు. కాఫీ తాగి అడగండి."

తాగాను. డికాషన్ ఎక్కువ వేస్తుంది, ఎప్పుడూ అంతే. చెప్పలేదు. పైపు సంగతి మొత్తం వివరంగా చెప్పాను, నాలుగు పద్ధతులూ, ఒక్కోదానికి ఎంతవుతుందీ, ఏది ఎందుకు కుదరదూ. జానకి చెంగుతో మొహం తుడుచుకుంటూ విన్నది.

"అయితే నా అరటిచెట్టు తీసెయ్యాలన్నమాట."

"గెల పక్వానికి వచ్చింది కదా. కోసి మగ్గబెట్టుకోవచ్చు."

"గెల వయసు కూడా లెక్కేసుకుని వచ్చారా!"

"కిటికీలోంచి కనిపిస్తుంది జానకీ, చూడకుండా ఎలా ఉంటాను?"

అప్పుడు నవ్వేసింది. పెద్దగా, వీధిలోకి వినబడేలా. ఆ నవ్వు గోడ మీదుగా రెండేళ్ళుగా వింటూనే ఉన్నాను గానీ ఎదురుగా చూడలేదు.

"రెండు వారాలనుంచీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను అక్కా. మీ లెట్రిన్ పాడైతే ఆ పదిహేనుమందీ నా ఇంటిమీద పడతారు. వదినగారు పొద్దున్న లోపలికి వెళితే అరగంటకి గానీ బయటికి రారు. నాకున్నది ఒక్కటే లెట్రిన్!"

"మరి ముందే చెప్పొచ్చు కదా?"

"మీరడగాలి కదా, పెద్దవారు! నేను చెట్టుతో చెప్పాను. ఇంకెంత చెప్పాలి?"

గోడ సంగతి కూడా వచ్చింది. రెండేళ్ళ క్రితం ఆవిడ "కట్టేదేదో మొహాలు కనిపించనంత ఎత్తు కట్టండి" అన్నది. అది నా మొహం గురించి అని నేను. బట్టలు ఉతుక్కునే చోట వీధి మగవాళ్ళ మొహాల గురించి అని ఆవిడ. నేను నమ్మలేదు. నమ్మలేదని చెప్పాను కూడా. ఆవిడకి కోపం వచ్చింది, నాకూ వచ్చింది, ఇంకో అరకప్పు కాఫీ ఇచ్చింది. తేలకుండానే దీపాలవేళయింది, లేచి వచ్చాను.

జూలై 14, సోమవారం

అరటిచెట్టు కొట్టేముందు జానకి దానికి బొట్టు పెట్టింది. గెల దింపటానికి ఇద్దరు పట్టారు. వీరబ్రహ్మం గోడలో నాలుగడుగుల మేర ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పేర్చాడు, మళ్ళీ కట్టేటప్పుడు పనికొస్తాయని. తర్వాత చిట్టియ్యా, అతనూ కలిసి పునాది తవ్వారు. నేనిటు, జానకి అటు నిలబడ్డాం.

పునాది రాయి లేపితే దాని కిందే ఉంది. పింగాణీ గొట్టం నిట్టనిలువునా పగిలి, పైముక్క లోపలికి కుంగి, ఆ సందులోంచి అరటి వేళ్ళు తెల్లగా జడలు జడలుగా పెరిగి ఉన్నాయి. చిట్టియ్య లాగితే బారెడు వచ్చాయి.

"పైపు మీద రాయి ఎవరు పెట్టారయ్యా?" అన్నాను.

"నేనేనండి" అన్నాడు వీరబ్రహ్మం. ఈ గోడ కట్టినవాడు అతనే. "పెట్టమన్నది మీరేనండి."

"నేనా?"

"మీరిద్దరూనండి. దారం పట్టుకుని ఇటు చివర మీరు, అటు చివర చిన్నమ్మగారు. తవ్వుతుంటే గొట్టం తగిలింది. గోడ ఒక జానెడు అటో ఇటో జరిపి, గొట్టం మీద చిన్న కమాను కట్టుకుందామన్నాను. మావైపు అంగుళం రావటానికి వీల్లేదన్నారు మీరు. మావైపూ వీల్లేదన్నారు ఆవిడ. దారం కింద ఏముంటే దానిమీదే కట్టమన్నారు. కట్టాను."

చిట్టియ్య వేళ్ళు దులుపుతున్నాడు.

"నాకు గుర్తులేదు" అన్నాను.

"నాకూ గుర్తులేదు" అంది జానకి, అదే క్షణంలో.

ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొచ్చేస్తుందని. రెండేళ్ళలో మేమిద్దరం ఒకే మాట అనటం ఇదే మొదలు.

జూలై 15

పగిలింది మూడడుగులే. రెండువైపులా మంచి గొట్టం తేలేదాకా కోయించి, మధ్యలో పీవీసీ ముక్క వేయించాను. ఇటొక అతుకు, అటొక అతుకు. ట్యాంకువైపు వాలు సరిగ్గా ఉందో లేదో మట్టం చూసే నీళ్ళ గొట్టం పెట్టి చూపించమన్నాను, వీరబ్రహ్మం రెండుసార్లు చూపించాడు. పైన గోడ బరువు మళ్ళీ పడకుండా చుట్టూ కాంక్రీటు, మీద రెండు పలకలు. మిగతా పాత గొట్టం కదపలేదు. కదపక్కర్లేదని ఎలా తెలిసిందంటే, మళ్ళీ నీలిమందు పోశాను. జానకి వాళ్ళ ట్యాంకు మూత తీసి నిలబడింది.

"వచ్చింది అక్కా! నీలం వచ్చింది!" అని అరిచింది, గంగ దిగివచ్చినట్టు.

మొత్తం పదమూడు వందల ఇరవై. సగం ఇస్తానంది జానకి. వద్దన్నాను, పైపు మాది. రాయి ఇద్దరిదీ అంది. అయితే అరటిచెట్టు నష్టం కింద నేనివ్వాలన్నాను. అలా అయితే రెండేళ్ళుగా చెట్టుకి వేసిన ఎరువు కింద తనివ్వాలంది. అంటే ఆవిడకి ముందే తెలుసు! సాయంత్రందాకా దెబ్బలాడుకున్నాం. చిన్ని మధ్యలో రెండుసార్లు వచ్చి, "మీరు మాట్లాడుకుంటున్నారా, పోట్లాడుకుంటున్నారా?" అని అడిగింది.

జూలై 21

గెల మగ్గింది. సగం అరటిపళ్ళ అత్తాలు ఇంకా మూయని గోడ సందులోంచి మాకు వచ్చాయి. ఆ చెట్టు దేంతో పెరిగిందో తెలిసి కూడా తిన్నాం. తియ్యగానే ఉన్నాయి.

జూలై 29

రేపటినుంచి పుష్కరాలు. వదినగారు వాళ్ళు దిగారు. తొమ్మిదిమంది అన్నది పదకొండు అయ్యారు. నరసాపురం వాళ్ళు ఎనిమిది.

ఆగస్టు 2

తీరిక లేదు.

ఆగస్టు 5

ఇప్పుడే అందరూ రేవుకి వెళ్ళారు. పొద్దున్నే రెండు లెట్రిన్ల దగ్గరా వరస. ఇటు వరస పెరిగితే సందులోంచి అటు పంపిస్తున్నాను, అటు పెరిగితే జానకి ఇటు తోలుతోంది. ఇడ్లీలు అక్కడ, చట్నీ ఇక్కడ. వదినగారు మా గుమ్మంలోంచి లోపలికి వచ్చి వాళ్ళ గుమ్మంలోంచి బయటికి వెళుతున్నారు. ఎవరింట్లో దిగారో ఆవిడకే తెలియటం లేదు. నాకు ఇంతకుముందు ఆ పట్టింపు ఉండేదని కాదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. జానకిని పేరంటానికి పిలవటానికి వీధిలోంచి వెళ్ళక్కర్లేకపోయింది. నా శనగలు సరిగ్గా నానలేదంది. డికాషన్ సంగతి అప్పుడు చెప్పాను.

ఆగస్టు 17, ఆదివారం

చుట్టాలందరూ వెళ్ళి వారమైంది. వీరబ్రహ్మం వచ్చాడు, గోడ పూర్తి చేసేస్తానని. ఇటుకలు ఊడదీసినవి ఉన్నాయి కదా, సిమెంటూ ఇసకా కూలీ చాలు, ఆరు వందల్లో అయిపోతుందన్నాడు.

ఆరు వందలంటే తక్కువేం కాదు. పైగా ఊడదీసిన ఇటుకలు వానకి తడిసి నాచు పట్టాయి, పాతవాటితో కడితే గట్టిగా ఉండదు. కొత్త ఇటుకలు పుష్కరాల పనులవల్ల రేటు పెరిగి ఉన్నాయి, తగ్గేదాకా ఆగటం మంచిది. తగ్గేసరికి భాద్రపదం వస్తుంది, శూన్యమాసం. ఇదంతా అతనికి చెప్పాను. అతను సందులోంచి అటు చూశాడు.

"చిన్నమ్మగారూ, మీరేమంటారండి?"

"ఇటుకలు నాచు పట్టాయి కదయ్యా" అంది జానకి, చాటలో బియ్యం చెరుగుతూ.

"పోనీ తలుపు పెట్టించుకోండి. మా బుల్లిరాజు వడ్రంగం చేస్తాడు, టేకు అక్కర్లేదు, నాలుగు వందల్లో చేసిచ్చేస్తాడు. గడియ ఎటువైపు పెట్టమంటారో చెప్పండి."

"నీవైపే పెట్టించుకో జానకీ. చిన్నదానివి, ఇంట్లో ఒక్కదానివే ఉంటావు."

"అదేంటక్కా, పెద్దవారు మీరుండగా! మీవైపే ఉండాలి."

"నాకెందుకు? నేను వేసుకునేది లేదు, తీసేది లేదు."

"నేను మాత్రం వేస్తానేంటి?"

వీరబ్రహ్మం కాసేపు అటూ ఇటూ తల తిప్పాడు. మీరిద్దరూ ఒక మాట మీదకి వచ్చాక కబురు చెయ్యండని చెప్పి, రెండువైపులా కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఇటుకలతో మూయిస్తే ఆరు వందలు. తలుపయితే నాలుగు వందలు. గడియ లేకుండా తలుపు చేయించటం దండగ, గడియ సంగతి ఇప్పట్లో తేలేది కాదు. అలాగే వదిలేస్తే ఏమీ లేదు.

అన్నిటికంటే అదే చవక. జానకి నోటిలెక్క వేసినా అదే వచ్చిందట.